కొండ మీది సగటు, రేవు దగ్గరి సగటు

సాంఖ్యక శాస్త్రం పాఠాలలో 'రెండు స్వతంత్ర సమూహాల మధ్యమాలను పోల్చడం' అనే భాగం వచ్చేసరికి చాలామంది అభ్యాసకులు ఒకే పని చేస్తారు. సూత్రాన్ని బట్టీ పడతారు, పట్టికలో విలువ చూస్తారు, 'పరికల్పనను తిరస్కరిస్తున్నాం' అని రాసి కలం కింద పెడతారు. మార్కులు వస్తాయి. కాని ఆ లెక్క ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో, ఎక్కడ వాడకూడదో తెలియకుండానే పుస్తకం మూసేస్తారు. ఇది అభ్యాసకుల తప్పు కాదని నా అభిప్రాయం. మనం పాఠం చెప్పే వరుసలోనే లోపం ఉంది. సూత్రం ముందు వస్తోంది, సమూహాలు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్న చివర ఒక గమనికగా మిగిలిపోతోంది. ఈ వరుస తిరగబడాలి. ఎందుకో చెప్పడానికి అండమాన్‌లోని హోప్ టౌన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను.

హోప్ టౌన్ దక్షిణ అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా, నీటికి అవతలి ఒడ్డున ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హోప్ టౌన్ వెనుక ఉన్న కొండ పేరు మౌంట్ హారియట్. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. ఎత్తు వెయ్యి అడుగులకు పైమాటే. చరిత్ర పుస్తకాలలో ఈ ఊరి పేరు ఒకే ఒక్క సంఘటన వల్ల కనిపిస్తుంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండ ఎక్కి దిగి, చీకటి పడ్డాక కాగడాల వెలుగులో రేవు వద్దకు వచ్చి పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీది అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ సాయంత్రం వైస్రాయ్ కొండ ఎందుకు ఎక్కాడన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. మన పాఠానికి కావలసింది అదే.

1858లో మొదలైన ఖైదీల స్థావరంలో జ్వరాలు విపరీతంగా ఉండేవి. కొండ మీద రోగుల కోసం ఒక ఆరోగ్య కేంద్రం కట్టవచ్చునా అని చూడడానికి మేయో పైకి వెళ్ళాడు. అంటే ఆయన మనసులో ఉన్న ప్రశ్న ఇది: కొండ మీద ఉన్నవారికి జ్వరం తక్కువా? రేవు దగ్గర ఉన్నవారికి ఎక్కువా? తేడా ఉంటే, డబ్బు ఖర్చుపెట్టి భవనం కట్టేంత తేడాయేనా? ఇది అచ్చంగా రెండు సమూహాల మధ్యమాలను పోల్చే ప్రశ్న. దాని మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పవచ్చు. మన దేశంలో 1872 నాటి తొలి జనగణన ఏర్పాట్లు మేయో హయాంలో జరిగినవే. 1871లో ఆయన ప్రభుత్వం గణాంకాలకు ఒక డైరెక్టర్ జనరల్‌ను నియమించింది. ఆ పదవి పొందిన డబ్ల్యు. డబ్ల్యు. హంటరే తరువాత, 1875లో, మేయో జీవిత చరిత్ర రాశాడు. అంకెలు పోగుచేయాలన్న పట్టుదల ఆ ప్రభుత్వానికి ఉండేది. చిన్న సంఖ్యలతో పోగుచేసిన సగటులను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే లెక్క మాత్రం అప్పటికి పుట్టలేదు. అది రావడానికి ఇంకా 36 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మీ నోటుపుస్తకం తీయండి. కొన్ని ఊహా అంకెలతో లెక్క వేద్దాం. ఇవి ఏ రికార్డులోంచి తీసినవీ కావు, లెక్క అర్థం కావడానికి మాత్రమే కల్పించినవి. కొండ మీద ఉండేవారిలో ఆరుగురిని, రేవు దగ్గర ఉండేవారిలో ఆరుగురిని తీసుకున్నాం అనుకోండి. ఒక ఏడాదిలో జ్వరంతో పనికి పోలేని రోజులు లెక్కించాం. కొండ వారివి 2, 3, 4, 4, 5, 6. రేవు వారివి 4, 5, 6, 6, 7, 8. మొదటి సమూహం సగటు 4, రెండవ దాని సగటు 6. తేడా 2 రోజులు.

మరొక ఏడాది, మరొక పన్నెండుమంది అనుకోండి. కొండ వారివి 0, 1, 2, 4, 5, 12. రేవు వారివి 0, 2, 3, 6, 9, 16. కూడి చూడండి. సగటులు మళ్ళీ 4, 6. తేడా మళ్ళీ 2 రోజులే.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఈ రెండు సందర్భాలలో మీరు ఒకే నమ్మకంతో 'కొండ మేలు' అనగలరా? సూత్రం తెలియని మనిషి కూడా రెండవ వరుస చూసి తల అడ్డంగా ఊపుతాడు. రేవు దగ్గర 16 రోజులు పడుకున్న ఆ ఒక్క మనిషిని పక్కన పెడితే మిగిలిన అయిదుగురి సగటు 20ని 5తో భాగించగా 4. అంటే కొండ వారి సగటుతో సమానం. తేడా మొత్తం ఒక్క మనిషి మంచం మీద ఉంది! మొదటి వరుసలో అలా కాదు. అక్కడ ఎవరిని తీసినా తేడా పూర్తిగా మాయం కాదు.

మీ పాఠంలోని సూత్రం ఈ లోకజ్ఞానాన్నే అంకెలలో పెడుతుంది, అంతకుమించి అందులో మాయ లేదు. ప్రతి సమూహంలో ఒక్కొక్క అంకె సగటు నుంచి ఎంత దూరంగా ఉందో చూసి, ఆ దూరాల వర్గాలను కూడి, సమూహంలోని సంఖ్యకంటె ఒకటి తక్కువతో భాగిస్తే విస్తృతి వస్తుంది. మొదటి సందర్భంలో రెండు సమూహాలకూ వర్గాల మొత్తం 10, విస్తృతి 10/5 = 2. ఒక్కొక్క విస్తృతిని దాని సమూహంలోని మనుషుల సంఖ్యతో భాగించి కూడితే 2/6 + 2/6 = 0.667. దాని వర్గమూలం 0.816. దీనిని ప్రామాణిక దోషం అంటాం. ఇటువంటి ఆరేసిమందిని మళ్ళీ మళ్ళీ తీసుకుంటే సగటుల తేడా దానంతట అది ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత ఇది. తేడా 2ను 0.816తో భాగిస్తే 2.45. ఇదే 'టి' విలువ.

రెండవ సందర్భంలో వర్గాల మొత్తాలు 94, 170. విస్తృతులు 18.8, 34. వాటిని ఆరుతో భాగించి కూడగా 8.8, వర్గమూలం 2.97. టి విలువ 2/2.97, అనగా 0.67 మాత్రమే. పట్టికలో 6 + 6 − 2 = 10 వరుసలో 5 శాతం స్థాయికి ఉన్న విలువ 2.228. మొదటి సందర్భం దానిని దాటింది, రెండవది దరిదాపులకు కూడా రాలేదు. సగటులు అవే, తేడా అదే, తీర్పు వేరు.

రెండవ తీర్పును జాగ్రత్తగా చదవండి. 'కొండకూ రేవుకూ తేడా లేదు' అని అది చెప్పడం లేదు. 'ఈ పన్నెండుమంది సాక్ష్యంతో చెప్పలేము' అని మాత్రమే చెబుతోంది. న్యాయస్థానంలో సాక్ష్యం చాలక వదిలివేయడం వేరు, నిర్దోషి అని రుజువు కావడం వేరు. పరీక్ష పేపర్లలో ఈ రెండింటినీ కలిపేసి రాసే వాక్యం నేను చాలా సార్లు చూశాను. అందుకే 'తిరస్కరించాం, తిరస్కరించలేదు' అన్న రెండు మాటలతో ఆగిపోవడం నాకు నచ్చదు. తేడా ఏ హద్దుల మధ్య ఉండవచ్చో కూడా రాయండి. మొదటి సందర్భంలో 2కు అటూ ఇటూ 2.228 × 0.816, అనగా 1.82. కాబట్టి అసలు తేడా సుమారు 0.2 రోజుల నుంచి 3.8 రోజుల దాకా ఎంతయినా కావచ్చు. రెండవ సందర్భంలో హద్దులు సుమారు −4.6 నుంచి 8.6 దాకా పోతాయి. ఆ హద్దులను చూస్తే చాలు, మనకు ఎంత తక్కువ తెలుసో తెలిసిపోతుంది. భవనం కట్టాలా వద్దా అని అడిగిన అధికారికి కూడా 2.45 అనే అంకెకన్న ఈ హద్దులే పనికివస్తాయి.

ఈ పద్ధతికి మూలపురుషుడు విలియం సీలీ గాసెట్. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ మీద, బీరు మీద చేసే ప్రయోగాలలో అతనికి వేలకొద్దీ కొలతలు దొరకవు. చేతిలో ఉన్నవి నాలుగో, పదో. చిన్న సంఖ్యలతో సగటును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చి 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. 'స్టూడెంట్ టి-పరీక్ష' అనే పేరు అలా వచ్చింది. విద్యార్థుల కోసం తయారుచేసిన సులభమైన పరీక్ష అని కొందరు అనుకుంటారు, అది కాదు. ఇక 5 శాతం అనే గీత ఆర్. ఎ. ఫిషర్ 1925లో రాసిన పుస్తకం వల్ల బాగా వాడుకలోకి వచ్చింది. అది ఒక వాడుక, వేదవాక్కు కాదు. టి విలువ 2.22 వచ్చినవాడు అబద్ధమాడినట్టూ, 2.24 వచ్చినవాడు సత్యం కనుగొన్నట్టూ భావించడం హాస్యాస్పదం.

రెండు సమూహాల విస్తృతులు సమానమని ముందుగా అనుకుని, వాటిని కలిపి లెక్కించే సూత్రం చాలా పాఠ్యపుస్తకాలలో మొదట ఇస్తారు. రెండు సమూహాలలో సంఖ్య సమానంగా ఉంటే టి విలువలో తేడా రాదు. సంఖ్యలు వేరయితే మాత్రం దారి తప్పవచ్చు. బి. ఎల్. వెల్చ్ 1947లో ప్రచురించిన పద్ధతిలో ఆ ఊహ అవసరం లేదు. నన్నడిగితే మొదటి నుంచీ దానినే నేర్పాలి అంటాను.

అయితే ఇదంతా లెక్క. అసలు మాట ఇంకా రాలేదు.

మేయో కొండ ఎక్కిన కాలానికి వెళ్దాం. ఎవరో గుమాస్తా ఏడాదిపాటు నిజంగానే అంకెలు రాసిపెట్టాడనుకుందాం. కొండ మీద ఎవరున్నారు? మౌంట్ హారియట్ ఇంగ్లీషు దొరల వేసవి విడిది. చీఫ్ కమిషనర్ ఎండాకాలం అక్కడ గడిపేవాడు. రేవు దగ్గర ఎవరున్నారు? ఖైదీలు. ఒకరు మంచి తిండి తిని, పక్కా ఇంట్లో పడుకునేవారు. మరొకరు అడవి నరికి, చిత్తడిలో నిలబడి పనిచేసి, బారకాసులలో పడుకునేవారు. ఈ రెండు సమూహాలు ఒకదానికొకటి స్వతంత్రమైనవే. ఒకే మనిషి రెండింటిలో లేడు. సూత్రం అడ్డు చెప్పదు, టి విలువ పెద్దదిగానే రావచ్చు. కాని ఆ తేడా కొండదా, తిండిదా, కొరడాదా? సూత్రానికి తెలియదు. 'స్వతంత్ర సమూహాలు' అంటే 'పోల్చదగిన సమూహాలు' అని అర్థం కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పాఠంలో పెద్ద అక్షరాలతో రాయాలని నా కోరిక.

సరే, రోగులైన ఖైదీలనే కొండ మీదికి పంపి చూశారనుకుందాం. ఎవరిని పంపుతారు? జ్వరం బాగా ముదిరిన నెలలో ఉన్నవారిని. జ్వరం ఎప్పుడూ అంతే తీవ్రంగా ఉండదు. పైకి పంపినా పంపకపోయినా తరువాతి నెలలో కొంత తగ్గేదే. కొండ మీద తగ్గింది కాబట్టి కొండ గాలి మహిమ అంటారు. లేదా నడవగలిగినవారినే పంపుతారు, అంత ఎత్తు ఎక్కాలి కదా. అప్పుడు గట్టివాళ్ళు కొండ మీద, నీరసులు కింద మిగులుతారు. ఎటు చూసినా సమూహాలు ఏర్పడిన తీరే తేడాను ముందుగా రాసిపెడుతోంది.

1872లో జ్వరానికి కారణం చెడుగాలి అనుకునేవారు. ఎత్తుకు పోతే మంచి గాలి దొరుకుతుందన్నది ఆ కాలపు నమ్మకం. మలేరియా సూక్ష్మజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులో. ఆ తరువాత ఎస్. ఆర్. క్రిస్టఫర్స్ అండమాన్‌లోని మలేరియాను పరిశీలించి 1912లో నివేదిక ప్రచురించాడు. ఆ కాలపు పరిశీలనలలో పిల్లల పొట్ట తడిమి బల్ల పెరిగిందా అని చూసేవారు. ఒక ఊరిలో నూటికి ఎందరికి బల్ల ఉందో లెక్కించి, ఊరికీ ఊరికీ పోల్చేవారు. తీరంలో సముద్రపు నీరు కలిసిన ఉప్పు చిత్తడులలో పెరిగే ఒక జాతి దోమ అండమాన్‌లో మలేరియాను వ్యాపింపజేస్తోందని, ఆ చిత్తడులకు దగ్గరగా ఉన్న చోట్ల జ్వరం ఎక్కువని తేలింది.

చూశారా! కొండ మీద జ్వరం తక్కువని ఒక గుమాస్తా అంకెలు చూపించి ఉంటే, ఆ అంకెలు నిజమే కావచ్చు. గాలి అనే కారణం మాత్రం తప్పు. కారణం తప్పు అయితే ఖర్చు కూడా తప్పు చోట పడుతుంది. కొండ మీద భవనం కడతారు, కింద చిత్తడిని అలాగే వదిలేస్తారు. పైకి పోలేని వందలమంది ఖైదీలు అక్కడే జ్వరంతో పడి ఉంటారు. సగటుల తేడా ఎంతో టి-పరీక్ష చెప్పగలదు, ఎందుకో చెప్పలేదు.

'స్వతంత్రం' అనే మాటకు మరొక కోణం ఉంది. దీనిని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. సమూహాల మధ్యనే కాదు, సమూహం లోపల కూడా ఒక్కొక్క కొలత మిగిలినవాటితో సంబంధం లేనిదై ఉండాలి. ఒకే బారకాసులో పడుకునే నలభైమంది ఖైదీలను ఒకే దోమల గుంపు కుడుతుంది. ఒకరికి జ్వరం వస్తే పక్కవాడికీ వస్తుంది. అక్కడ మీకు నలభై సాక్ష్యాలు లేవు, దాదాపు ఒకే సాక్ష్యం నలభై నోళ్ళతో పలుకుతోంది. ఒక పడవలో వేటకు పోయిన అయిదుగురిని 'ఈ రోజు ఎంత చేప పడింది?' అని విడివిడిగా అడిగి అయిదు అంకెలు రాసుకున్నా అంతే. పడవ ఒక్కటి, వల ఒక్కటి, అంకె కూడా ఒక్కటే. అయిదు అని రాస్తే ప్రామాణిక దోషం దొంగతనంగా చిన్నదవుతుంది, టి విలువ ఉత్తినే పెరుగుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. అసలు స్వతంత్రం కాని సమూహాలను స్వతంత్రమని లెక్కించడం. గాసెట్ 1908 వ్యాసంలోనే దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1905లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పదిమంది రోగులకు రెండు నిద్రమందులు వేరువేరు రోజులలో ఇచ్చారు. మొదటి మందుతో అదనంగా వచ్చిన నిద్ర సగటున 0.75 గంటలు, రెండవ దానితో 2.33 గంటలు. ఈ అంకెలను పదేసిమంది ఉన్న రెండు వేరు సమూహాలవిగా భావించి లెక్కిస్తే టి విలువ 1.86 వస్తుంది. పట్టికలో 18 వరుస విలువ 2.101. కాబట్టి తేడా చెప్పలేం. కాని ఉన్నది ఇరవైమంది కాదు, పదిమందే. ఒక్కొక్క మనిషికి రెండు మందుల మధ్య తేడా తీసి, ఆ పది తేడాల మీద లెక్క వేస్తే టి విలువ 4.06. పట్టికలో 9 వరుస విలువ 2.262. తేడా స్పష్టంగా ఉంది. మొదటి లెక్కలో మనిషికీ మనిషికీ నిద్రలో ఉండే సహజమైన తేడా మందుల తేడాను కప్పేసింది. అంకెలు అవే, ఎవరివి అన్న ప్రశ్న వేసేసరికి జవాబు తలకిందులయింది. నేను ముందు చెప్పిన వరుస ఇందుకే. సూత్రం వెతికే ముందు 'ఈ అంకెల వెనుక ఎందరు మనుషులున్నారు? వారు ఏ సమూహంలోకి ఎలా వచ్చారు?' అని అడగాలి.

ఎక్కువమందిని తీసుకుంటే అన్ని ఇబ్బందులూ తీరిపోతాయన్న నమ్మకం కూడా ఉంది. తీరవు. విస్తృతి అదే 2 ఉండి, ఒక్కొక్క సమూహంలో 6కు బదులు 600 మంది ఉన్నారనుకోండి. అప్పుడు ప్రామాణిక దోషం 0.0816. టి విలువ మళ్ళీ 2.45 రావడానికి సగటుల తేడా 0.2 రోజులు ఉంటే చాలు. ఏడాదికి అయిదు గంటల జ్వరం తగ్గించడానికి కొండ మీద ఆసుపత్రి కడతారా? 'సార్థకం' అని పట్టిక అన్నంత మాత్రాన 'ముఖ్యం' అని కాదు. మరి దొరలను, ఖైదీలను పోల్చిన లెక్క అయితే ఆరువేలమందిని తెచ్చినా ఆ పోలిక బాగుపడదు. తప్పు దారిలో వేగంగా పోయినట్టు ఉంటుంది.

ఇక మీకు నేరుగా సంబంధించిన సంగతికి వస్తాను. సార్వత్రిక విద్య మన దగ్గర కొత్తది కాదు. హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వచ్చింది. జాతీయ స్థాయిలో నేషనల్ ఓపెన్ స్కూల్ 1989లో ఏర్పడింది. అయినా ఈ రోజుకూ ఒక మాట వినబడుతూనే ఉంటుంది: 'ఓపెన్ స్కూలు వాళ్ళ సగటు మార్కులు రెగ్యులర్ బడి పిల్లల కంటె తక్కువ, కాబట్టి ఆ చదువులో పస లేదు.' ఈ వాక్యంలో మొదటి సగం ఒక చోట ఒక ఏడాది నిజం కావచ్చు. దాని నుంచి రెండవ సగం రాదు. ఒక వైపు రోజూ బడికి పోయి, ఉపాధ్యాయుని ఎదుట కూర్చునే పదిహేనేళ్ళ పిల్లలు. మరొక వైపు పదేళ్ళ క్రితం బడి మానేసి, పగలు పనిచేసి, రాత్రి దీపం దగ్గర పుస్తకం పట్టే పెద్దలు. అది కొండ మీది దొరలకూ రేవు దగ్గరి ఖైదీలకూ పెట్టిన పోలిక లాంటిదే. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు పదమూడుమంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో. ఆ ఇళ్ళలో చదువు మధ్యలో ఆగిన మనిషి మళ్ళీ పుస్తకం పట్టడాన్ని ఒక సగటుతో కొట్టిపారేయడం అన్యాయం మాత్రమే కాదు, తప్పు లెక్క కూడా.

నా మాటను మీరు కూడా పరీక్షించాలి. 'సగటు తక్కువ వచ్చింది కాబట్టి పోలికే తప్పు' అని తప్పించుకోవడం సులభం. మన సగటు ఎక్కువ వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేస్తామా? వేయాలి. ఉదాహరణకు ఆదివారం సంపర్క తరగతులకు వచ్చిన అభ్యాసకుల సగటు, రానివారి సగటు కంటె ఎక్కువ ఉందనుకోండి. 'మా తరగతుల గొప్పతనం చూడండి' అని కేంద్రం నిర్వాహకులు సంతోషిస్తారు. ఇంకొంచెం ముందుకు పోయి 'తరగతులకు రానివారిని పరీక్షకు అనుమతించవద్దు' అంటారు. ఆగాలి. హోప్ టౌన్ పక్కనున్న బాంబూఫ్లాట్ నుంచి చాథాంకు పడవ ఎక్కి తరగతికి పోగలిగినవాడు ఎవరు? ఆదివారం సెలవు ఉన్నవాడు. రాలేనివాడు ఎవరు? ఆ రోజు వేటకు పోయినవాడు, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు, చంటిబిడ్డను వదిలి రాలేని తల్లి. ఆ రెండు సమూహాల మార్కులలో తేడా తరగతిది ఎంత, తీరికది ఎంత? ఈ సగటును నమ్మి నిబంధన పెడితే దెబ్బ తినేది ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి మందు ఉంది. ఫిషర్ ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పొలాలలో దానిని నేర్పాడు: ఏ మడికి ఏ ఎరువు వేయాలో మనిషి నిర్ణయించకూడదు, చీటీలు వేయాలి. మనుషుల విషయంలోనూ అంతే. రావడానికి ఇష్టపడే నలభైమందిలో చీటీలు తీసి ఇరవైమందికి మొదటి మూడు నెలలు సంపర్క తరగతులు, మిగిలిన ఇరవైమందికి అదే పాఠం పుస్తకంతోను, క్యాసెట్టో ఫోనో వంటి సాధనంతోను ఇచ్చి, మూడు నెలల తరువాత ఒకే ప్రశ్నపత్రం పెట్టండి. ఆ తరువాత రెండవ ఇరవైమందికీ తరగతులు ఇవ్వండి, ఎవరికీ నష్టం ఉండదు. అప్పుడు తీరిక ఉన్నవారు, లేనివారు రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు. మిగిలిన కొద్దిపాటి హెచ్చుతగ్గు ఎంత ఉండవచ్చో ప్రామాణిక దోషం లెక్క చెబుతుంది. టి-పరీక్ష తన సొంత ఇంట్లో ఉన్నట్టు ఉండేది అక్కడే.

చీటీలు వేయడం సాధ్యం కాని చోట్లు చాలా ఉన్నాయి. ఎవరినీ కొండ మీద పుట్టమనీ, రేవు దగ్గర పుట్టమనీ చీటీ తీయలేం. అక్కడ సమూహాలను ఒకే కొలతతో కాక చాలా కొలతలతో కలిపి పోల్చే పని మన దేశంలోనే గొప్పగా సాగింది. కలకత్తాలో 1931లో గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ మనుషుల శరీర కొలతలను పోల్చడానికి ఒక కొత్త 'దూరం' కనిపెట్టాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో ఆ సంస్థలో చేరిన సి. ఆర్. రావు ఆ లెక్కతో కేంబ్రిడ్జిలో సూడాన్ నుంచి తెచ్చిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాడు. ఫిషర్ దగ్గరే డాక్టరేటు పొందాడు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో మరణించాడు. మీరు ఇప్పుడు నేర్చుకుంటున్న రెండు సగటుల లెక్క ఆ దారిలో మొదటి మెట్టు.

ఈ పాఠం తరువాత ఇచ్చిన అభ్యాసాలలోకి పోయే ముందు ఒకటి ప్రయత్నించండి. మీ ఊరి రేవులో ఇంజను పడవలు పది, తెడ్డు పడవలు పది ఉన్నాయనుకోండి. ఒక వారం ఒక్కొక్క పడవకు రోజుకు సగటున ఎన్ని కిలోల చేప పడిందో రాసుకున్నారు. తరువాతి నెలలో ఆ పది తెడ్డు పడవలకూ ఇంజన్లు బిగించి, మళ్ళీ ఒక వారం రాసుకున్నారు. ఇందులో రెండు పోలికలు చేయవచ్చు. ఏది స్వతంత్ర సమూహాల పోలిక, ఏది కాదు? రెండవ పోలికలో తేడా కనిపిస్తే అది ఇంజనుది అనడానికి ముందు ఏమి అడగాలి? లెక్క వేయకండి, జవాబును వాక్యాలలో రాయండి.